చేతనైనంత

పొద్దున ఏడున్నర. ఉప్మాలోకి నిమ్మకాయ పచ్చడి వేసుకుందామని గాజు సీసా మూత తిప్పుతున్నాను. ఉప్పు మూత అంచుల్లో పేరుకుని గట్టిగా పట్టేసింది. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి, కొంగు అడ్డం పెట్టి ఒకసారి. కదల్లేదు. అంట్లు తోముతున్న మా పనావిడ చేతులు కడుక్కుని వచ్చి, "మీకు శాతగాదమ్మా, ఇటియ్యిండ్రి" అని నా చేతిలోంచి సీసా తీసుకుంది. ఒక్క తిప్పు. మూత ఊడింది. సీసా నా ముందు పెట్టి మళ్లీ పంపు దగ్గరికి వెళ్లిపోయింది. ఈ మొత్తం వ్యవహారానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఉప్మా తిన్నాను. పచ్చడి బాగుంది. ఆ మాట మాత్రం పళ్ల సందులో ఇరుక్కున్న మామిడి పీచులా రోజంతా నాలుకకి తగులుతూనే ఉంది. ఆమె అబద్ధమేం చెప్పలేదు. ఎగతాళిగానూ అనలేదు, ప్రేమగానే అంది. మరెందుకు గుచ్చుకుంది? మధ్యాహ్నం పన్నెండింటికైతే అదే సీసా, అవే చేతులు, మూత వచ్చేసేదే. నా వేళ్లు తెల్లవారుతూనే నావి కావు. పదింటి తర్వాత మెల్లగా ఒక్కొక్కటే నాకు తిరిగొస్తాయి. ఆమె మా ఇంటికి వచ్చేది ఏడింటికి, వెళ్లేది ఎనిమిదిన్నరకి. ఆమెకి తెలిసిన నేను ఎప్పుడూ ఆ గంటన్నర నేనే. అదా నా బాధ? అదీ కాదు. రాత్రి పడుకోబోతుంటే అసలు సంగతి తట్టింది. ఆమె సీసా అందుకున్నప్పుడు నాలో ఎక్కడో "హమ్మయ్య" అనిపించింది. గుచ్చుకున్నది ఆమె మాట కాదు, నా హమ్మయ్య.

ఇరవై రెండేళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన దురలవాటు ఒకటుంది నాకు. మాట ఒకటి చేతికి చిక్కితే విప్పి చూడకుండా ఉండలేను. చేతకాదు. చేత అంటే చెయ్యే కదా. చేతనవడం అంటే ఆ పని మన చేతికి లొంగడం. చేతకాకపోవడం అంటే లొంగకపోవడం. పదకొండేళ్లుగా వేళ్ల కీళ్లు వాచిపోయి ఉన్న మనిషికి ఇంతకన్నా అచ్చంగా సరిపోయే మాట ఏ భాషలో దొరుకుతుంది? అక్కడితో ఆగితే బాగానే ఉండును. కానీ చేతకానివాడు అన్నామంటే అది తిట్టు. ఇంకో చిత్రం కూడా ఉంది. మా తెనాలి వైపు జ్వరమొస్తే "ఒంట్లో బాగోలేదు" అంటాం, మరీ సున్నితంగా చెప్పాలంటే "నలతగా ఉంది" అంటాం. నల్గొండ నుంచి వచ్చిన మా పనావిడ అదే జ్వరానికి "పాణం శాతనైతలేదు" అంటుంది. జబ్బుకీ, అసమర్థతకీ, తిట్టుకీ ఒకటే క్రియ. ఇది భాష చేసిన అన్యాయమా, లేక మనం దాచిపెట్టే నిజాన్ని భాష ముందే చెప్పేసిందా? ఒంటికి నొప్పి రావడానికీ, మనిషి తన మీద తను నమ్మకం పోగొట్టుకోవడానికీ మధ్య ఉన్న దూరం ఆ క్రియ ఇంత కూడా వదల్లేదు. ఆత్మవిశ్వాసం అన్న పెద్ద మాట పాఠ్యపుస్తకాల్లో బోలెడుసార్లు చెప్పాను. ఇంట్లో ఎవరమూ ఆ మాట వాడం. "నా వల్ల అవుతుంది", "నా వల్ల కాదు" అంటాం. అంతే.

నా జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి, కీళ్ల లోపలి పొర మీదే దాడి చేస్తుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వారానికి ఒక్కసారి మింగే మాత్ర ఒకటి, దాని కష్టాలు తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇంకొకటి. మందు పనిచేస్తోంది, కాదనను. మొదటి రెండేళ్ల మాదిరి ఇప్పుడు లేదు. అయినా నొప్పి ఉంది. దాన్ని చెప్పమంటే మన దగ్గర మాటలకేం కొదవ లేదు. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుడు, లాగుడు, పట్టేయడం, జివ్వుమనడం, కలుక్కుమనడం. కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే 78 మాటల్ని 20 గుంపులుగా విడగొట్టి మెగిల్ ప్రశ్నావళి అని తయారుచేశాడు. మా అమ్మమ్మని కూర్చోబెడితే ఆ లెక్క దాటించేదేమో అని నా అనుమానం. కానీ ఇన్ని మాటల్లో నన్ను నిజంగా కుంగదీసింది ఒక్కటీ లేదు. సలుపుని ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది రేపు.

రేపు నా వేళ్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఇవాళ జడ వేసుకున్నాను కనక రేపూ వేసుకోగలనన్న హామీ లేదు. అందుకని పదకొండేళ్లలో నాకు తెలియకుండానే ఒక మాట అలవాటైపోయింది. చూద్దాం. పెళ్లి శుభలేఖ ఇస్తే చూద్దాం. పుస్తకావిష్కరణకి వచ్చి రెండు ముక్కలు మాట్లాడమంటే చూద్దాం. చెల్లెలు కూతురి పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 52 నిమిషాలకన్నారు. పెద్దమ్మని కదా, తప్పకుండా వస్తానని అనాలి. చూద్దాం అన్నాను. అవతల దాని మొహం చిన్నబోవడం ఫోన్లోనే వినిపించింది. మనం తేలిగ్గా "రేపు వస్తా" అనే మాట నిజానికి రేపటి మీద చేసే అప్పు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆ పరపతి ఎంతుంటుందంటే, వాళ్లు అప్పు చేస్తున్నామనే ఎరగరు. నొప్పి ఉన్న మనిషికి నాలుగుసార్లు మాట తప్పేసరికి అప్పు పుట్టడం మానేస్తుంది. ముందు ఊళ్లోవాళ్లు పిలవడం మానేస్తారు. ఆ తర్వాత మనకి మనమే ఇచ్చుకోం.

దీనికి తోడు బాగున్న రోజులు చేసే మోసం ఒకటి. మూడేళ్ల కిందట సంక్రాంతికి ముందు వారం వేళ్లన్నీ వదులుగా, హాయిగా ఉన్నాయి. ఇక నన్నెవరు ఆపుతారు? తడి బియ్యం పిండి పట్టించి, బెల్లం పాకం నేనే కలిపి, అరిసెలు నేనే ఒత్తి, చెక్కల మధ్య పెట్టి నూనె నేనే పిండాను. ఎనభై రెండు అరిసెలు. లెక్కెందుకు గుర్తుందంటే, ఒక్కో అరిసె ఎవరికో చూపించడానికే చేశాను. భోగి నాడు మంచం దిగలేకపోయాను. కనుమ దాకా మావారే అన్నం కలిపి పెట్టారు. వాకిట్లో పక్కింటివాళ్ల ముగ్గు, మా వాకిట్లో నీళ్లు చల్లిన తడి. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మనస్తత్వవేత్త నొప్పి రోగుల దగ్గర ఏళ్ల తరబడి గమనించి చెప్పిన సంగతి ఒకటి తర్వాతెప్పుడో చదివాను. నొప్పి ఆపమన్నప్పుడు ఆపడం, లేనప్పుడు విరగబడి చేయడం, రెండూ నొప్పి చేతికి పగ్గాలివ్వడమే. ముందే ఒక కొలత పెట్టుకుని, బాగున్నా అంతే, బాగోకపోయినా వీలైనంతవరకు అంతే చేయమంటాడు. పన్నెండు అరిసెలు, అంతే. చదవడానికి ఎంత చప్పగా ఉందో! కానీ ఎనభై రెండు చేసిన నేను ఆ తర్వాత రెండు సంక్రాంతులు పాకం జోలికే పోలేదు. పన్నెండు చేసి ఉంటే పోయేదాన్నేమో.

ఇంకో ప్రశ్నావళి సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త మైకేల్ నికొలస్ తయారుచేసింది. పదే పది వాక్యాలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు దాకా మార్కులు, మొత్తం 60. నొప్పి ఎంతుంది అని ఎక్కడా అడగడు. ఇంటిపని చేసుకోగలనన్న నమ్మకం ఎంతుంది, స్నేహితుల్ని కలవగలనన్న నమ్మకం ఎంతుంది, ఇలాంటివే. దాదాపు ప్రతిదానికీ ఒక తోక ఉంటుంది. నొప్పి ఉన్నా. నేను దాని ముందు చాలాసేపు కూర్చున్నాను, మార్కులు వేసుకోవడానికి కాదు, ఆ తోక కోసం. మా ఇంట్లో వాక్యాలన్నీ ఇంకో మాటతో మొదలవుతాయి. తగ్గాక. తగ్గాక తిరుపతి వెళ్దాం. తగ్గాక మళ్లీ వీణ ముట్టుకుందువుగాని. తగ్గాక పుస్తకాల బీరువా సర్దుదాం. పదకొండేళ్ల జీవితం 'తగ్గాక' అన్న అసమాపక క్రియ దగ్గర ఆగిపోయి, సమాపక క్రియ కోసం ఎదురు చూస్తోంది. 'ఉన్నా' అంటే అక్కడే, అప్పుడే వాక్యం పూర్తవుతుంది. ఈ ప్రశ్నావళికి మూలం ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన వ్యాసం. మనిషికి 'నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం ఎక్కడెక్కడి నుంచి ఊరుతుందో అందులో చెప్పాడు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఎదుటివాళ్ల మాట, ఒంటి కబురుని మనం చదువుకునే తీరు. ఇందులో చివరిది మా లాంటివాళ్ల దగ్గర మిగిలిన మూడింట్లోనూ ఉప్పునీళ్లు కలుపుతుంది. వేలు సలిపిందంటే చాలు, గెలిచిన జ్ఞాపకమూ చప్పబడుతుంది, ఎవరు చెప్పిన మాటా చెవికెక్కదు.

ఒంటి కబురు చదువుకోవడం అంటే ఏమిటో మావారిని చూసి తెలుసుకున్నాను. ఆయనకి నడుం నొప్పి. ఏదో మూట ఎత్తితే కలుక్కుమంది. నాలుగు రోజుల్లో తగ్గేదేమో, తెలియదు. ఎమ్మారై తీయించారు. చీటీ మీద ఎల్ 4, ఎల్ 5, డిస్క్ ఉబ్బింది అని ఉంది. ఆ డాక్టరుగారు మర్యాదస్తుడే. కానీ "గుజ్జు అరిగిపోయిందండీ, జాగ్రత్త" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి మావారు గాజు బొమ్మ అయిపోయారు. బకెట్ ఎత్తరు, స్కూటర్ ముట్టరు, కింద పడ్డ పేపరు తీయరు. నడుం కన్నా ముందు ఆయన ధీమా అరిగిపోయింది. 1994లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం గురించి ఆయనకి చదివి వినిపించాను. నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి కనబడింది. నొప్పి లేదు, ఉబ్బు ఉంది, వాళ్లకి తెలియను కూడా తెలియదు. "అయితే నా నొప్పి అబద్ధమంటావా?" అన్నారు. అక్కడ నేను తప్పు చేశానని అప్పుడర్థమైంది. ధైర్యం చెబుదామని వెళ్లి అనుమానించినట్టయింది. నొప్పి ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పే ప్రతి మాట వెనకా ఈ గొయ్యి ఉంటుంది. నీకేం ఫరవాలేదు అంటే, నీకేం లేదు అన్నట్టు వినిపిస్తుంది.

నమ్మడం అన్నది ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. నా జబ్బు బయటికి కనబడదు, కనీసం మొదటి అయిదారేళ్లు కనబడలేదు. పట్టుచీర కట్టుకుని పేరంటానికి వెళితే "చూస్తే నిక్షేపంలా ఉన్నావు" అనేవారు. అది పొగడ్తో అభియోగమో తేల్చుకోలేక నవ్వేదాన్ని. కాస్త కుంటి ఉంటే బాగుండునేమో అని ఒక క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడిన రోజులున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని పేరు పెట్టి గుర్తించింది. అందులో నొప్పి లేదు. నొప్పి వల్ల కీలు వంగిపోయాక, ఆ వంపు 40 శాతమని డాక్టరు రాశాక, అప్పుడు మనిషి లెక్కలోకి వస్తాడు. మనిషి మాట చాలదు. ప్రపంచంలో నొప్పిని అధ్యయనం చేసేవాళ్ల సంఘం 1979లో రాసుకున్న తమ నిర్వచనాన్ని 2020లో సవరించుకుంటూ, నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని చేర్చింది. నలభై ఏళ్లు పట్టింది ఆ ఒక్క సంగతి కాగితం మీదికి రావడానికి! మన మాట మీద మనకున్న నమ్మకం కొంతవరకు ఎదుటివాళ్లు దాన్ని నమ్మడం మీద బతుకుతుంది. పదిమంది నమ్మకపోతే పదకొండోవాళ్లం మనమే అవుతాం. నిజంగానే నొప్పా, లేక బద్ధకమా అని నన్ను నేను ఎన్ని పొద్దులు నిలదీసుకున్నానో.

మా కాలేజీలో నమ్మారు. అది ఇంకో కథ. సుద్దముక్క పట్టుకోలేక బోర్డు మీద నా ద్విత్వాక్షరాలు వంకర్లు పోతున్నాయని తెలిసి, అప్పటి ప్రిన్సిపాల్ పిలిచి, "మీకెందుకమ్మా శ్రమ, లైబ్రరీ చూసుకోండి, పాఠాలు ఇంకెవరికైనా ఇస్తాను" అన్నారు. మంచితనంతోనే అన్నారు, ఇప్పటికీ ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కానీ నా పాఠం బోర్డు మీద ఎప్పుడుంది? నోట్లో ఉంది. ఒక పిల్లవాడితో బోర్డు మీద రాయించుకుంటే సరిపోయేది. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. మరి నాకెందుకు తట్టలేదు? లైబ్రరీలో బీరువాల మధ్య ఆరు నెలలు కూర్చున్నాక తట్టింది. అప్పటికి గొంతు కూడా సన్నబడింది. పక్క గదిలోంచి ఎవరో చదువుతున్న పద్యం వినిపిస్తే, అక్కడ యతి తప్పుగా విరిచాడని తెలిసి కూడా వెళ్లి చెప్పే ధైర్యం చాలేది కాదు. వేలి కీలుకీ యతికీ ఏం సంబంధం? ఏమీ లేదు. చేయి చేతకాలేదు కనక నోరు కూడా చేతకాదని నేనే తీర్పిచ్చుకున్నాను. ఒకచోట పుట్టిన 'కాదు' ఇల్లంతా చెదలా పాకుతుంది. తర్వాత ఏడాదికే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

ఎదుటివాళ్ల మాట అనగానే మనకి జాంబవంతుడు గుర్తొస్తాడు. నన్ను పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది జాంబవంతులే. "నువ్వు ధైర్యవంతురాలివి, నీ బలం నీకు తెలియదు" అంటారు. ఒకరోజు విసుగొచ్చి, అసలు జాంబవంతుడు ఏమన్నాడో చూద్దామని వాల్మీకి కిష్కింధకాండ తీశాను. తమాషా ఏమిటంటే ఆయన ఎక్కడా ఉత్త ధైర్యం చెప్పలేదు. నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరావయ్యా అని జరిగింది చెప్పాడు. అంతటితో ఆగలేదు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు, పర్వతం మీద పడ్డావు, నీ ఎడమ దవడ విరిగింది, అందుకే నీ పేరు హనుమంతుడు అన్నాడు. హనువు అంటే దవడ. సముద్రం దూకించడానికి చెప్పిన మాటల్లో దెబ్బ కూడా ఉంది. మనం ఆ ముక్క వదిలేసి, బలం ముక్కే గుర్తుపెట్టుకున్నాం. విరిగిన దవడ పేరుతోనే ఆయన్ని రోజూ కొలుస్తూ కూడా! నా జాంబవంతుల్లో ఒక్కరైనా, నువ్వు ఫలానా ఏడాది చేతులు వాచి ఉండి కూడా రెండు సెక్షన్లకి ప్రబంధం పూర్తి చేశావు అని ఉంటే, వాపునీ ప్రబంధాన్నీ ఒకే వాక్యంలో పెట్టి ఉంటే, నేనూ లేచి నిలబడేదాన్నేమో. ఏమో, అదీ ఒక సాకేనేమో.

జాంబవంతుల తర్వాత వచ్చేవాళ్లు రెన్వార్‌ని పంపిస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కి నా జబ్బే. యాభయ్యో ఏడు దాటాక మొదలై, 1919లో చనిపోయేదాకా వదల్లేదు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయినా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఆ ఫొటో నా ఫోన్లోకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, కింద ఒక నీతివాక్యంతో. ఆ మహానుభావుణ్ణి చూసి నాకు ధైర్యం రావాలి. రాలేదు, చిన్నతనం వచ్చింది. అంత గొప్పవాడికి చేతనైతే నాకెందుకు చేతకాదు అని కాదు, అంత గొప్పవాడు గనక చేతనైంది అని. మనలాంటివాళ్లు చేయగా చూడాలని బండూరా అన్నది ఇందుకేనేమో. నాకు ఆసరా అయింది రెన్వార్ కాదు. రుమటాలజిస్టు వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ. మంచినీళ్ల సీసా మూతకి పాత రబ్బరు బ్యాండ్లు నాలుగు చుట్టి, సీసాని మోకాళ్ల మధ్య ఇరికించి, అరచేతి మడమతో తిప్పింది. నా వైపు చూసి, "వేళ్లతో తిప్పకమ్మా, అవి మనవి కావు, మడమ మనదే" అంది. స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లొరిగ్ కీళ్లవాతం ఉన్నవాళ్ల కోసం ఒక శిక్షణ నడిపించింది. వారానికి రెండు గంటలు, ఆరు వారాలు. చెప్పేవాళ్లు డాక్టర్లు కారు, చాలామంది ఆ నొప్పులు ఉన్నవాళ్లే. అందులో చేరినవాళ్లకి మేలు జరిగింది గానీ, నేర్పిన వ్యాయామాలు ఎవరెంత చేశారన్న దానికీ ఆ మేలుకీ పెద్ద పొంతన కుదరలేదు. ఆరా తీస్తే తేలింది, పొంతన కుదిరింది 'నా వల్ల అవుతుంది' అన్న నమ్మకంతో. వెయిటింగ్ హాలు ఆవిడ ఆరు వారాల పాఠం అర నిమిషంలో చెప్పేసింది.

రెన్వార్‌కి అన్యాయం చేయకూడదు. ఆయన కుంచెని చేతికి కట్టించుకుని గీశాడని చెప్పుకుంటారు. నిజానికి ఫొటోలో కనిపించే గుడ్డకట్లు ముడుచుకున్న వేళ్లు అరచేతి చర్మాన్ని ఒరుసుకోకుండా చుట్టినవి. కుంచెని ఎవరో ఒకరు ఆ వేళ్ల మధ్య ఉంచేవారు. ఇది తెలిశాక ఆ ఫొటోలో నా చూపు ఆయన మీంచి, ఫొటోలో లేని ఆ రెండో మనిషి మీదికి పోయింది. ఆ మనిషి కుంచె పెట్టాడు. పెట్టి, పక్కకి తప్పుకున్నాడు. "మీకు చేతకాదు, ఇటివ్వండి, ఆ గులాబీ రంగు నేను పూస్తాను" అనలేదు.

మా అమ్మమ్మకి మోకాళ్లు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆముదం రాసుకుని, వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టుకుని, మధ్య గదిలో ఎత్తు పీట మీద ఉండేది. ఆమెలో నేను ఏనాడూ బెదురు చూడలేదు. ఎందుకని? ఓర్పు ఎక్కువ అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు వేరే అనిపిస్తుంది. వేసవిలో ఆవకాయ కలిపేది అత్తయ్యలే, కాయ కొట్టేది మామయ్యే, కానీ ఉప్పు చూసేది అమ్మమ్మ. ఆమె నాలుక మీద వేసుకుని ఊఁ అనేదాకా జాడీకి వాసెన కట్టేవాళ్లు కాదు. ఆమె కాళ్లు పోయినా ఆ ఇంట్లో ఆమె ఊఁ చెల్లుబాటయ్యేది. అది వాళ్లు ఆమెకి ఇచ్చిన గౌరవం అనుకుంటే పొరపాటు, ఆమె నాలుక నిజంగానే వాళ్లకి కావాలి. అయినా అమ్మమ్మ గురించి ఇంత తేలిగ్గా సిద్ధాంతం కట్టడానికి నేనెవర్ని? రాత్రిళ్లు ఆమె పక్కనే పడుకునేదాన్ని. పక్క మీద దొర్లుతూ ఉండేది. నొప్పా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంతకీ మా పనావిడ. ఆమెది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ వైపు బోర్లలో అది ఎన్నో రెట్లు ఉండేది. ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషుల మధ్య పెరిగింది. ఒకరోజు ధైర్యం చేసి, నన్ను చేతగాదన్నావే, మీ ఊళ్లో అట్లా అంటారా అని అడిగాను. చీపురు ఆపి ఆలోచించింది. "మా ఊళ్లె అందరికీ నొప్పులేనమ్మా. అందరికీ ఉన్నంక ఎవల్ని శాతగానోళ్లంటం?" అంది. నాకు చప్పున నోరు పెగల్లేదు. మరి నీకు లేవా అంటే, "ఉంటయి. మోకాళ్లు గుంజుతయి. జేత్తలేనా?" నికొలస్ పది ప్రశ్నలూ ఆమెని అడిగితే 60కి 60 వస్తాయి. నొప్పి ఉన్నా వంగుతుంది, నొప్పి ఉన్నా తోముతుంది, నొప్పి ఉన్నా మూడో అంతస్తు ఎక్కుతుంది, అయిదిళ్లు. నేను ముచ్చటపడ్డ ఆ 'ఉన్నా' అక్కడికొచ్చేసరికి నా నోట్లోనే చేదైంది. చేతకాదని ఆమె అన్న రోజున ఇల్లు పోతుంది. దాన్ని ఆత్మవిశ్వాసం అందామా, గత్యంతరం లేకపోవడం అందామా? నాకు 'హమ్మయ్య' అనుకునే వెసులుబాటు ఉంది. అది నా ధైర్యాన్ని తినేసిన మాట నిజమే గానీ, ఆ వెసులుబాటు కూడా అందరికీ లేదు. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు ఆమె నా చేతిలోంచి ఏదో తీసుకుందని రాయబోయాను. ఆమె చేతిలోంచి మేమందరం రోజూ ఏం తీసుకుంటున్నామో రాయడానికి కూర్చోలేదు.

మొన్న రెండు రోజులు ఆమె రాలేదు. మూడోనాడు వచ్చింది, కుడి మణికట్టుకి పాత చీర పీలిక చుట్టుకుని. వాపు గుడ్డ మీదికి తెలుస్తోంది. ఏమైందంటే బాత్‌రూంలో జారిందట. సింకులో నిన్నటి పాల గిన్నె అడుగంటి ఉంది. ఆమె ఎడమచేత్తో పీచు అందుకోబోతుంటే నా కాళ్లు వాటంతటవే లేచాయి. గిన్నె ఒక చెవి నా చేతిలోకి వచ్చేసింది కూడా. "నీకు చేతకాదు, ఇటివ్వు" అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎంత సులువుగా వచ్చిందో! ప్రేమగానే వచ్చింది. ఆమె గిన్నె రెండో చెవి వదల్లేదు. నా మొహంలోకి చూసి, "ఈ ఒక్క రోజు జీతం కోస్తరా అమ్మా?" అని అడిగింది.

కోయనన్నాను. గిన్నె వదిలేశాను. ఎడమచేత్తో చాలాసేపు తోమింది. అడుగు మాడు కొంచెం మిగిలిపోయింది. అలాగే బోర్లించి, చెయ్యి తుడుచుకుని, గట్టు మీద ఉన్న నిమ్మకాయ పచ్చడి సీసా తీసి చంకలో ఇరికించుకుని, ఎడమ అరచేత్తో మూత వదులు చేసి, పూర్తిగా తీయకుండా నా ముందు పెట్టింది.